సర్ చింతామణి: వార్తాపత్రికలే కళాశాలయైన జీవితము

గ్రంథాలయమునకు వచ్చువారిలో పెక్కురు మొదట చేతబట్టునది ఆనాటి వార్తాపత్రిక. బీరువాలోని గ్రంథము కావలెనన్న గ్రంథపాలకుని అడుగవలయును, చిట్టాలో వ్రాయింపవలయును. పత్రికకు అట్టి శ్రమ లేదు. అది బల్లమీద పరచియుండును. ఎవరు వచ్చినను చదువవచ్చును. ఇట్లు సులభముగ లభించుటచేతనే దానిని చులకనగ చూచుట పరిపాటియైనది. శీర్షికలు చూచి, ధరలు చూచి మడచి పెట్టువారే హెచ్చు.

పోటీపరీక్షలకు చదువుకొను యువకులు మాత్రము ఆంగ్లపత్రికను వేరొక దృష్టితో చూతురు. మైపాడు, కృష్ణపట్నము మొదలుకొని తూపిలిపాళెము వరకు గల నెల్లూరు కోస్తా పల్లెలలో, తెలుగు బడిలో చదివి వచ్చిన పిల్లవానికి ఆంగ్లపదములు చాలకపోవుట పెద్ద అడ్డంకి. పత్రిక చదివినంతమాత్రమున ఆ కొరత తీరునా అను సందేహము వారికి సహజము. ఒక తెలుగువాని జీవితము ఆ సందేహమునకు చక్కని సమాధానము చెప్పుచున్నది. ఆయనకు కళాశాల పట్టము లేదు. అయినను ఉత్తరహిందూస్థానమున మూడు దశాబ్దములపాటు మేటి ఆంగ్లపత్రికా సంపాదకుడుగ పేరొందెను. ఒక పెద్ద రాష్ట్రమునకు విద్యామంత్రి యయ్యెను. ఆయనయే సర్ చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి.

చింతామణిగారు 1880వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన విజయనగరమున జన్మించిరి. తండ్రి రామసోమయాజులుగారు. వేదవిద్యా సంప్రదాయము గల కుటుంబము. ఇంట సంస్కృతము, తెలుగు వినిపించునే గాని ఆంగ్లము వినిపించునది కాదు. ఆనాడు విజయనగరము సంస్థానపు రాజధాని. మహారాజావారి కళాశాల అచటనే యుండెను. గురజాడ అప్పారావుగారు ఆ కళాశాలయందే చదివి, అచటనే బోధకులైరి. ఆ ఊరిలో విద్యావంతులకు, సభలకు కొదువ లేదు. మద్రాసు, కలకత్తాలనుండి పత్రికలు తపాలాలో వచ్చుచుండెడివి.

బాలుడైన చింతామణికి ఆ పత్రికలమీద మక్కువ మెండు. 1885లో పుట్టిన కాంగ్రెసు మహాసభ అప్పటికి ఏటేట ఒక్కొక్క నగరమున సమావేశమగుచుండెను. సురేంద్రనాథ బెనర్జీ, ఫిరోజిషా మెహతా వంటివారి ప్రసంగములు పత్రికలలో నిలువు నిలువుగ అచ్చుపడుచుండెను. చింతామణిగారు వానిని కథలవలె చదివి విడువలేదు. మరల మరల చదివి కంఠస్థము చేసిరి. తండ్రితాతలు వేదమునకు చూపిన ధారణాశక్తిని ఆయన పత్రికలకు చూపిరనవచ్చును. ఏ సంవత్సరము ఏ సభలో ఎవరేమి తీర్మానము ప్రతిపాదించిరో పుస్తకము చూడకయే చెప్పగల జ్ఞాపకశక్తి ఆయనకు కడపటివరకు నిలిచినది. సమకాలికులెల్లరు మొదట మెచ్చుకొనునది దానినే.

ఇట్టి పఠనమువలన పదములు వచ్చు విధము ప్రత్యేకమైనది. నిఘంటువులో పదము ఒంటరిగ నుండును. పత్రికలో పదము పనిచేయుచుండును. బడిపిల్లవానికి బిల్లు అనగా అంగడివాడిచ్చు లెక్క. శాసనసభావార్తలో అది ఇంకను ఆమోదము పొందని చట్టపు ముసాయిదా. ఆమోదము పొందినపిదప దానికి యాక్టు అని పేరు. నాటకములోని అంకమునకును అదే పేరు. మోషన్ అనగా చలనమని చదువుకొన్నవానికి అది సభ యెదుట ఉంచు ప్రతిపాదన యనియు అర్థమగును. డివిజన్ అనగా భాగహారమని నేర్చినవానికి, అనుకూలురు ప్రతికూలురు వేరై ఓట్లు లెక్కించుట యని తెలియును. ఇట్లు పది పదములు నేర్చినవాడు పదముల తోడ శాసనసభ పనిచేయు తీరును గూడ నేర్చును. చింతామణిగారికి భాషయు రాజకీయ పరిజ్ఞానమును వేర్వేరుగ రాలేదు. రెండును ఒకే చదువునుండి వచ్చినవి.

కళాశాలలో మాత్రము ఆయన చదువు సాగలేదు. పట్టపరీక్ష వరకు పోకయే చదువు ముగిసెను. ఆ కాలమున పట్టము లేనివానికి సర్కారు కొలువు దుర్లభము, న్యాయవాద వృత్తి అసాధ్యము. పేద బ్రాహ్మణ యువకునకు మిగిలినది గుమాస్తాగిరి. చింతామణిగారు ఆ దారి త్రొక్కక, తాను దేనిని చదివి నేర్చెనో దానినే వృత్తిగ గ్రహించిరి.

అప్పటి కాయన వయసు 18 ఏండ్లు. విశాఖపట్టణమునుండి వెలువడుచుండిన వైజాగ్ స్పెక్టేటర్ అను ఆంగ్ల వారపత్రికకు సంపాదకులైరి. తరువాత ఆ పత్రికను 300 రూపాయలకు కొని, విజయనగరమునకు మార్చి, ఇండియన్ హెరాల్డ్ అని పేరు పెట్టిరి. సంపాదకీయము వ్రాయుట, వార్తలు కూర్చుట, అచ్చుతప్పులు దిద్దుట, చందాలు రాబట్టుట అన్నియు ఒక్కరే. చదువరిగ నుండునప్పుడు తెలియని సంగతి ఇచట తెలిసెను. ఒక పదము అర్థమగుట వేరు, దానిని సరియైన చోట వాడగలుగుట వేరు. వారమునకు ఇన్ని పుటలు నింపి తీరవలసినవాడు, చదివిన పదములన్నిటిని చేతిలోనికి తెచ్చుకొనక తప్పదు. పత్రిక ఎక్కువ కాలము నిలువలేదు. ధనము చాలక మూతపడెను. డబ్బు పోయినను విద్య మిగిలెను.

ఇచట ఒక చిన్న విశేషము గమనింపదగియున్నది. స్పెక్టేటర్ అను పేరు గల పత్రిక ఒకటి 1711వ సంవత్సరమున లండనులో అడిసన్, స్టీల్ అనువారు ప్రారంభించినది కలదు. దాని సంపుట మొకటి అమెరికాలోని బోస్టను నగరమున ఒక ముద్రణాలయమున పనినేర్చుకొను బాలునకు దొరకెను. ఆ బాలుడే 1706లో పుట్టిన బెంజమిన్ ఫ్రాంక్లిన్. అతనికి బడిచదువు 10 ఏండ్లకే ముగిసెను. ఆ పత్రికలోని వ్యాసమొకటి చదివి, ప్రతివాక్యమునకు ఒక చిన్న గుర్తు వ్రాసికొని, కొన్నిదినములు దానిని ప్రక్కన పెట్టెడివాడు. పిదప ఆ గుర్తులు మాత్రమే చూచి వ్యాసమును తన మాటలలో తిరిగి వ్రాసి, మూలముతో పోల్చి తన తప్పులు తానే దిద్దుకొనెడివాడు. పదములు చాలుట లేదని తోచినప్పుడు కథను పద్యముగ మార్చెడివాడు. ఛందస్సు కుదురుటకు ఒకే అర్థము గల పలుమాటలు వెదుక వలసివచ్చును గదా. గుర్తులను కలగాపులగము చేసి, మరల వరుసలో పెట్టుట అభ్యసించెడివాడు. ఆ బాలుడు పెద్దవాడై 1731లో ఫిలడెల్ఫియా నగరమున చందాదారుల గ్రంథాలయమును స్థాపించెను. దేశము వేరు, కాలము వేరు అయినను, విజయనగరపు యువకుడు సాగించిన సాధనయు ఈ జాతిదే. చదువుట, గుర్తుంచుకొనుట, తిరిగి వ్రాయుట అనునవి మూడును కలిసిననాడే పదము స్వంతమగును.

ఇండియన్ హెరాల్డ్ మూతపడిన పిదప చింతామణిగారు మద్రాసు చేరిరి. 1878లో హిందూ పత్రికను స్థాపించినవారిలో ముఖ్యులైన జి. సుబ్రహ్మణ్య అయ్యరుగారు అప్పటికి దానిని విడిచి మద్రాస్ స్టాండర్డ్ నడుపుచుండిరి. చింతామణిగారు వారి కడ పనిచేసిరి. 1901లో, తమ 21వ ఏట, ఇండియన్ సోషల్ రిఫారం అను పెద్ద సంకలనమును మద్రాసున ప్రకటించిరి. సంఘసంస్కరణమును గూర్చి రనడే మొదలైన పెద్దలు చేసిన ప్రసంగములు, వ్రాసిన వ్యాసములు అందు కూర్చబడినవి. అట్టి గ్రంథమునకు కావలసినది ఎవరు ఎప్పుడు ఏమి చెప్పిరో ఎరుగుట. బాల్యమునుండి పత్రికలు మథించినవానికి అది కరతలామలకము. 1905లో ఫిరోజిషా మెహతాగారి ప్రసంగములను, వ్రాతలను గూడ ఆయనయే సంపాదించి గ్రంథముగ ప్రకటించిరి. చిన్ననాడు పత్రికలలో చదివి నేర్చిన మాటలను గ్రంథరూపమున లోకమున కందించుట ఋణము తీర్చుకొనుట వంటిది.

సచ్చిదానంద సిన్హాగారి పిలుపుమీద చింతామణిగారు అలహాబాదు పోయి ఇండియన్ పీపుల్ అను పత్రికలో ప్రవేశించిరి. అది 1903 ప్రాంతపు మాట. విజయనగరమెక్కడ, అలహాబాదెక్కడ! అచటి జనుల వాడుకభాష ఆయన మాతృభాష కాదు. వస్త్రధారణము, భోజనము అన్నియు వేరు. బంధువర్గము లేదు. ఉన్న ఆస్తి యెల్ల ఆంగ్లభాషపై అధికారము, దేశచరిత్రపై పట్టు. ఆ రెంటిని నమ్ముకొని ఆయన గంగాయమునా సంగమ క్షేత్రమున నిలద్రొక్కుకొనిరి.

1909వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీన, విజయదశమినాడు, పండిత మదనమోహన మాలవ్యగారి పూనికతో అలహాబాదున లీడర్ దినపత్రిక వెలసెను. నాగేంద్రనాథ గుప్తాగారును చింతామణిగారును మొదట సంపాదకులు. కొలదికాలములో గుప్తాగారు తప్పుకొనగా భారమంతయు చింతామణిగారిపై బడెను. నడుమ కొన్నియేండ్లు తప్ప, తమ జీవితమున అధికభాగము ఆయన ఆ పత్రికకే ధారపోసిరి. ఉత్తరదేశమున విద్యావంతులు ప్రాతఃకాలమున లీడర్ సంపాదకీయము చదివి, ఆనాటి విషయమై అభిప్రాయము ఏర్పరచుకొనెడివారు. అంకెలు, తేదీలు, పూర్వోదాహరణములు లేక ఆయన వాదము నడవదు. ప్రభుత్వాధికారులు సైతము తమ నివేదికలలో తామే మరచిన సంగతులను ఆయన వ్రాతలలో చూచుకొనవలసివచ్చెడిది.

సంపాదకునకు భాషతో పాటు నిబ్బరమును కావలయును. లీడర్ పాలకసభకు మోతీలాల్ నెహ్రూగారు తొలి అధ్యక్షులు. రాజకీయమార్గములు వేరగుటతో సంపాదకునకు, వారికి పొత్తు చెడెను. తుదకు నెహ్రూగారు 1919 ఫిబ్రవరిలో ఇండిపెండెంట్ అను మరొక దినపత్రికను స్థాపించిరి. చింతామణిగారు మితవాది. 1918లో కాంగ్రెసునుండి వేరైన మితవాదుల లిబరల్ సమాఖ్యలో ఆయన ముఖ్యులు. 1920లోను 1931లోను దాని అధ్యక్షులు. గాంధీజీ సహాయనిరాకరణోద్యమము దేశమంతట ఉప్పెనవలె వచ్చినప్పుడు ఆయన దానిని సమ్మతింపలేదు. ప్రజల ఆదరము అటుండ ఆయన ఇటుండిరి. ఆ విషయమున ఆయనతో ఏకీభవింపనివారు నాడును కలరు, నేడును కలరు. అయినను జనము మెచ్చుకొరకు ఆయన మాట మార్చలేదు. దొరతనమువారి మెప్పుకొరకును మార్చలేదు.

ఈ రెండవమాటకు నిదర్శనము ఆయన మంత్రిత్వము. 1919 నాటి ఇండియా ప్రభుత్వ శాసనముచే రాష్ట్రములలో ద్వంద్వ ప్రభుత్వము ఏర్పడెను. విద్య మొదలగు కొన్ని శాఖలు మంత్రుల వశమైనవి. ఖజానా, పోలీసు మొదలైనవి గవర్నరు చేతనే యుండెను. నేటి ఉత్తరప్రదేశమునకు అప్పటి పేరు సంయుక్తరాష్ట్రము. 1921లో చింతామణిగారు ఆ రాష్ట్రమున విద్యామంత్రియైరి. పరిశ్రమల శాఖయు వారిదే. అలహాబాదు విశ్వవిద్యాలయమును పునర్నిర్మించిన శాసనము, హైస్కూలు ఇంటర్మీడియెట్ విద్యాపరిషత్తును ఏర్పరచిన శాసనము 1921లోనే వచ్చినవి. ఆ పరిషత్తు నేటికిని ఉత్తరప్రదేశమున లక్షలకొలది విద్యార్థులకు పరీక్షలు జరుపుచున్నది. కళాశాల పరీక్షలు దాటలేకపోయిన తెలుగుబిడ్డ, పరీక్షలు జరుపు వ్యవస్థకే పునాది పడిన దినములలో విద్యామంత్రిగ నుండుట విధివైచిత్ర్యము. పరీక్షలో జయము పొందనివాడు చదువుకు పనికిరాడని తలంచువారు ఈ సంగతి నొకసారి స్మరింపవలయును. అట్లే, పరీక్షలు వృథా యని తలంచువారును స్మరింపవలయును. పరీక్ష విలువ తెలిసియే గదా ఆయన కాలమున దానికొక క్రమము ఏర్పడినది.

మంత్రిపదవి రెండేండ్లకు మించి సాగలేదు. బాధ్యత మంత్రిది, అధికారము గవర్నరుది అను ఏర్పాటులో ఆత్మగౌరవము గలవానికి చోటు లేదని తేలినది. 1923లో ఆయనయు సహమంత్రియైన జగత్ నారాయణ్ గారును రాజీనామా నిచ్చిరి. పదవి, జీతము, హోదా అన్నియు విడిచి తిరిగి వ్రాతబల్ల కడకు వచ్చుట అందరికి సాధ్యము కాదు. ఆయనకు కలము ఉండెను గనుక పదవి పోవుట లోటు కాలేదు.

తరువాత ఆయన చాలకాలము రాష్ట్ర శాసనసభయందు ప్రతిపక్షమున నిలిచి వాదించిరి. 1930లో లండనులో జరిగిన మొదటి రౌండ్ టేబుల్ సమావేశమునకు ప్రతినిధిగ పోయిరి. స్వస్థలమును మరువలేదు. ఆంధ్రవిశ్వవిద్యాలయమున ఉపన్యాసము లిచ్చిరి. అవి 1857 తిరుగుబాటు నాటినుండి భారతరాజకీయముల చరిత్రగ 1937లో గ్రంథరూపమున వెలువడినవి. విద్యార్థిగ పట్టము పొందనివానికి విశ్వవిద్యాలయము ఉపన్యాసపీఠము వేసినది. 1939లో సర్ బిరుదము లభించినది. ఆయన కుమారులలో నొకరైన బాలకృష్ణరావుగారు ఐ.సి.ఎస్. పరీక్షయందు నెగ్గి, ఉద్యోగమునకు మించి హిందీ కవిగ పేరొందిరి. తండ్రి పొరుగుదేశమున పరభాషతో బ్రదికెను. కుమారుడు ఆ దేశపు భాషయందే కవియయ్యెను. 1941వ సంవత్సరము జూలై 1వ తేదీన చింతామణిగారు స్వర్గస్థులైరి. లీడర్ పత్రికయు స్వాతంత్ర్యానంతరము కొన్నియేండ్లు నడచి ఆగిపోయినది.

చింతామణిగారి వంటి ధారణాశక్తి అందరికి నుండదు. అయినను ఆయన పద్ధతి అందరికి నందుబాటులో నున్నది. ఆ పద్ధతిలో మొదటిది, ఒక విషయమును పట్టుకొని దినదినము వెంబడించుట. నెల్లూరు తీరమువారికి దీనికి తుఫానువార్తలే మంచి పాఠము. అక్టోబరు, నవంబరు నెలలలో ఆంగ్లపత్రికలో లో ప్రెషర్ అని చదివినది అల్పపీడనము. గాలి గంటకు 31 కిలోమీటర్లు చేరిన అది డిప్రెషన్, అనగా వాయుగుండము; 50 చేరిన డీప్ డిప్రెషన్, తీవ్రవాయుగుండము; 62 చేరిన సైక్లోనిక్ స్టార్మ్, తుఫాను. తీరము దాటుటను ల్యాండ్‌ఫాల్ అందురు. సముద్రము మీద బ్రదుకు వారికి ఈ పదములు ప్రాణములతో ముడిపడినవి. ఒకసారి నేర్చిన మరపునకు రావు. పిదప అదే డిప్రెషన్ అను పదము వాణిజ్యపుటలో ఆర్థికమాంద్యమను అర్థమునను, ఆరోగ్యపుటలో మనసు క్రుంగుట యను అర్థమునను కనబడును. క్రిందికి నొక్కబడుట యను మూలార్థము మూటియందును గలదని గ్రహించినవానికి ఒక్క పదముతో మూడు పదములు వచ్చినట్లు. అట్లే టారిఫ్ అను మాట. రొయ్యల ఎగుమతివార్తలో అది పరదేశము విధించు సుంకము. విద్యుత్తు వార్తలో అది ధరల పట్టిక. చెరువు గట్టుమీది రైతునకు రెండును కావలసినవే.

రెండవది, చదివినదానిని తిరిగి వ్రాయుట. కేంద్ర పబ్లిక్ సర్వీస్ కమిషను జరుపు సివిల్ సర్వీసుల ప్రధాన పరీక్షలో 300 మార్కుల ఆంగ్లపత్రము తప్పనిసరి. అందలి మార్కులు ర్యాంకునకు లెక్కింపబడవు. కాని కనీసపు మార్కులు రానిచో తక్కిన పత్రములు దిద్దబడవు. అందు ప్రెసీ యను సంక్షేప రచన యొకటి. ఇచ్చిన భాగమును మూడవవంతునకు కుదించి తన మాటలలో వ్రాయవలయును. ప్రతిదినము ఒక సంపాదకీయము చదివి, పత్రిక మూసి, దాని సారమును పది పంక్తులలో వ్రాసి, మరల పత్రిక తెరచి పోల్చుకొనువానికి ఆ ప్రశ్న కొత్త కాదు. ఫ్రాంక్లిన్ గుర్తులు వ్రాసికొని చేసినది ఇదియే. పదమును ఒంటిగ గాక, అది వచ్చిన వాక్యముతో సహా నోటుపుస్తకమున వ్రాసికొనుట మేలు. దినమునకు ఐదు పదములు చాలును; ఏబది వ్రాసి ఒక్కటియు చూడకపోవుటకన్న అదియే లాభము.

మూడవది, పత్రిక ఒక్కటియే చాలదని తెలిసికొనుట. వ్యాకరణము, గ్రంథపఠనము లేక పత్రికాపఠనము పునాది లేని గోడ. చింతామణిగారు పత్రికలతో ఆగక నివేదికలు, చరిత్రలు, జీవితములు చదివిరి, గ్రంథములు కూర్చిరి. పత్రిక ప్రశ్నను లేపును, గ్రంథము దానికి బదులు చెప్పును. అందుకే రెండును ఒకే కప్పు క్రింద నుండుట గ్రంథాలయమున కందము.

పత్రికలను గౌరవించు సంప్రదాయము ఈ తీరమునకు కొత్త కాదు. నెల్లూరునుండి జమీన్ రైతు పత్రిక 1928లో వెలసెను. ఉత్తరముగ ఇదే సముద్రతీరమున, 1918లో స్థాపితమైన వేటపాలెము సారస్వత నికేతనము పాతపత్రికల సంచయమునకు ప్రసిద్ధి. నిన్నటి పత్రికను చిత్తుకాగితముగ నమ్మివేయక కట్టలు కట్టి దాచినందుననే అది పరిశోధకులకు యాత్రాస్థలమైనది. ఇరువదియైదేండ్లు నిండిన ప్రతి పల్లె గ్రంథాలయమునకు ఆ మార్గము అనుసరణీయము. పాత సంపాదకీయములు విషయవారీగ కట్టలు కట్టి యుంచిన, పట్టణమునకు పోయి శిక్షణాలయముల రుసుము చెల్లింపలేని బిడ్డలకు అవియే పాఠ్యగ్రంథములగును.

విజయనగరమున తపాలాలో వచ్చిన పత్రికను మరల మరల చదివిన బాలుడు అది తన్ను అలహాబాదునకు, లండనునకు కొనిపోవునని తలంచియుండడు. ఆయన చేసినది అచ్చుపడిన ప్రతిమాటకు విలువ నిచ్చి చదువుట. గ్రంథాలయపు బల్లమీద రేపటి యుదయమునను పత్రిక పరచియుండును. పది నిమిషములలో చూచి మడచుటకును అది తగును. గంటసేపు కూర్చుండి, కలము చేతబట్టి చదువుటకును అది తగును. చందాదారులు ఇచ్చిన కాసు ఒక్కటే. రాబట్టుకొను ఫలము చదువరి చేతిలో నున్నది.